మెత్తని రత్నాలకు బెజ్జం వేయడం

ముత్యం, పగడం, అంబరు, ఫిరోజా, మలకైట్ వంటి మెత్తని మణుల్లో దారమో తీగో దూరేంత సన్నని రంధ్రం చేయడమే బెజ్జం వేయడం. మణిని బంగారంలో పొదిగే విద్య కంటే ఇది చాలా పాతది. లోహం చేతికి రాకముందే మనుషులు గవ్వలకూ రాళ్లకూ బెజ్జాలు వేసి మెడలో వేసుకున్నారు. చేతితో నగలు చేసేవారికి నేటికీ రాయి చేజారేది ఎక్కువగా ఈ దశలోనే. కోత తప్పితే మళ్లీ కోయవచ్చు, సాన తప్పితే మళ్లీ సాన పట్టవచ్చు. బెజ్జం వంకరపోయినా, అంచు పెచ్చులూడినా, రాయి రెండు ముక్కలైనా చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

మెత్తదనంలో తేడాలు

జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ మోస్ 1812లో ఖనిజాల కాఠిన్యానికి పది మెట్ల వరుస ఏర్పరిచాడు. బలపపు రాయిలోని టాల్క్ 1, జిప్సం 2, కాల్సైట్ 3, ఫ్లోరైట్ 4, అపటైట్ 5, ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7, పుష్యరాగం 8, కెంపు, నీలాల మూల ఖనిజమైన కురువిందం 9, వజ్రం 10. ఇంట్లో పేరుకునే దుమ్ములోనూ క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. అందుకే నగల వాళ్లు 7ను గీతగా పెట్టుకుని, దానికి దిగువనున్నవాటిని మెత్తనివిగా లెక్కేస్తారు. అంబరు 2 నుంచి 2.5, ముత్యం 2.5 నుంచి 4.5, పగడం 3 నుంచి 4, మలకైట్ 3.5 నుంచి 4, లాజవర్దం 5 నుంచి 5.5, ఫిరోజా 5 నుంచి 6, ఓపల్ 5.5 నుంచి 6.5.

ఈ వరుస ఏది దేన్ని గీయగలదో మాత్రమే చెబుతుంది. ఏది ఎలా పగులుతుందో చెప్పదు. పుష్యరాగం కాఠిన్యం 8 అయినా ఒక దిశలో దెబ్బ తగిలితే నున్నగా చీలిపోతుంది. 6 నుంచి 6.5 మధ్య ఉండే నెఫ్రైట్ జేడ్ లోపలి నారలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి కాబట్టి సుత్తి దెబ్బలకూ సులువుగా లొంగదు. బెజ్జం వేసేవారికి మోస్ సంఖ్య సగం సమాచారమే, అదీ తక్కువ పనికొచ్చే సగం. రాయికి చీలిక తలాలు ఉన్నాయా, వేడికి ఏమవుతుంది, నీళ్లు పీలుస్తుందా, లోపల గట్టి మెత్తని పొరలు కలిసి ఉన్నాయా అన్నవి తెలిస్తేనే పని నడుస్తుంది. మెత్తని రాయిని త్వరగా తొలవవచ్చన్న ధీమాతో డ్రిల్లు మొనను, అంటే బిట్‌ను, అదిమినవారే దాన్ని ఎక్కువగా పగలగొడతారు.

ఒక్కో మణి తీరు

ఫ్లోరైట్ దీనికి మంచి ఉదాహరణ. కాఠిన్యం 4 మాత్రమే, కానీ నాలుగు దిశల్లో చక్కగా చీలే గుణం ఉంది. బిట్ మొన ఏ కొంచెం ఎక్కువ ఒత్తిడి పెట్టినా రంధ్రం పక్కనుంచి నిలువునా పలక లేస్తుంది. అది ఉష్ణోగ్రత హెచ్చుతగ్గులనూ తట్టుకోదు. వేడెక్కిన రాయి మీద చల్లని నీళ్లు పోయడం కంటే మొదటినుంచీ నీళ్లలోనే పని చేయడం మేలు. రోడోక్రోసైట్, కాల్సైట్ మూడేసి దిశల్లో చీలుతాయి. జిప్సం రకమైన సెలెనైట్ నీటిలో కొద్దికొద్దిగా కరుగుతుంది కాబట్టి దాన్ని ఎక్కువసేపు నానబెట్టకూడదు.

అంబరుది వేరే ఇబ్బంది. అది రాయి కాదు, భూమిలో యుగాల పాటు ఉండి గట్టిపడిన చెట్టు జిగురు. బాల్టిక్ సముద్ర తీరాన దొరికే అంబరు వయసు సుమారు 4 కోట్ల ఏళ్లు. దానికి చీలిక తలాలు లేవు, వజ్రపు బిట్ అక్కర్లేదు, మామూలు ఉక్కు మెలి బిట్ చాలు. శత్రువల్లా వేడే. వేగంగా తిప్పితే అంబరు మెత్తబడి జిగురులా బిట్ గాడుల్లో పట్టుకుంటుంది. పొడి బయటికి రాక బిట్ ఇరుక్కుంటుంది, రాపిడి వేడికి లోపల పగుళ్లు చేరతాయి. నెమ్మదిగా తిప్పడం, మాటిమాటికీ బిట్ పైకి తీసి పొడి దులపడం తప్ప దగ్గరిదారి లేదు. స్పిరిట్ వంటి ద్రావకాలు పై మెరుపును పాడుచేస్తాయి. రాలే పొడి కూడా ఒక పరీక్షే. అసలు అంబరు పెళుసుగా పొడిపొడిగా రాలి జిగురు వాసన వేస్తుంది, ప్లాస్టిక్ చుట్టలు చుట్టలుగా లేస్తుంది. వయసు చాలని చెట్టు జిగురైన కోపల్ వేడికి ఇంకా త్వరగా అంటుకుపోతుంది.

మలకైట్ రాగి కార్బొనేట్. దానిలోని ముదురు, లేత పచ్చ పట్టీలు ఒకే గట్టిదనంతో ఉండవు. బిట్ మెత్తని చోటికి జారిపోవాలని చూస్తుంది. లాజవర్దం ఇంకా కలగాపులగం. నీలి ముద్దలో మెరిసే బంగారు చుక్కలు పైరైట్, కాఠిన్యం 6 నుంచి 6.5, తెల్ల మచ్చలు కాల్సైట్, కాఠిన్యం 3. సన్నని బిట్ పైరైట్ గింజకు తగిలి పక్కకు వంగుతుంది, తెల్ల మచ్చలోకి ఒక్కసారిగా దిగబడుతుంది. అందుకే గుర్తు పెట్టేముందు రాయిని వెలుగులో తిప్పి, చుక్కలు తక్కువున్న దారి చూసుకోవాలి.

ఫిరోజాలో సూక్ష్మ రంధ్రాలు ఎక్కువ. నూనె, చెమట, సబ్బు నీరు ఏది తగిలినా పీల్చుకుని రంగు మారుతుంది, అందువల్ల దీనికి చల్లదనం కోసం నూనె వాడరాదు, మంచినీళ్లే వాడాలి. బజారులో దొరికే ఫిరోజాలో చాలా భాగం రెసిన్ ఎక్కించి గట్టిపరచినదే. బెజ్జం వేసేవారికి నిజానికి ఇది మేలే, పెచ్చులు తక్కువ ఊడతాయి. ఓపల్‌లో నీరు ఇమిడి ఉంటుంది, సాధారణంగా బరువులో 3 నుంచి 10 శాతం. వేడెక్కితే ఆ నీరే పగుళ్లకు దారితీస్తుంది. పలుచని ఓపల్ పొరను వేరే రాయికి అతికించి చేసిన జంటరాళ్లను అసలు తొలవకపోవడమే తెలివి.

పగడం సముద్ర జీవులు కట్టిన సున్నపు కొమ్మ. కొమ్మ పొడవునా సన్నని చారలు ఉంటాయి, లోపల పురుగు తొలిచిన గుంతలు దాగి ఉండవచ్చు. ఎర్ర పగడానికి మధ్యధరా సముద్రం పుట్టిల్లు, ఇటలీలో నేపుల్స్ దగ్గరి టొర్రె దెల్ గ్రేకో దాన్ని చెక్కే ఊరు. భారతీయులకు పగడం అంటే ఉన్న మోజు గురించి క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీయే రాశాడు. రోమన్లు మన ముత్యాలను ఎంత విలువగా చూస్తారో మనవాళ్లు వాళ్ల పగడాలను అంత విలువగా చూస్తారన్నది ఆయన మాట సారాంశం. కాకతి గణపతిదేవుడి 1244 నాటి మోటుపల్లి శాసనంలో సుంకం కట్టవలసిన సరుకుల మధ్య ముత్యాలూ పగడాలూ కనిపిస్తాయి. 17, 18 శతాబ్దాల్లో ఇటలీ రేవు లివోర్నో నుంచి వచ్చే పగడాలకు మారుగా దక్కన్ వజ్రాలు పడమటికి వెళ్లేవి. తెలుగు ఇళ్లలో తాళిబొట్ల పక్కన నల్లపూసలతో కలిపి పగడం గుచ్చుకునే ఆచారం వెనుక ఇంత సముద్రయానం ఉంది.

నల్లపూసల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. తిరుపతి దగ్గరి పాపానాయుడుపేటలో సంప్రదాయంగా చేసే గాజుపూసలకు ఎవరూ బెజ్జం వేయరు. కరిగిన గాజు ముద్దను బోలు గొట్టంగా సాగదీసి ముక్కలుగా నరుకుతారు. అక్కడ రంధ్రం ముందు, పూస తర్వాత. రాళ్ల పనిలో ఆ సౌకర్యం లేదు.

పనిముట్ల కథ

బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ తవ్వకాల్లో 7,500 నుంచి 9,000 ఏళ్ల నాటి శ్మశానంలో తొమ్మిది మంది పెద్దవాళ్ల పళ్లలో మొత్తం 11 దంతాలకు బెజ్జాలు వేసి ఉండటం బయటపడింది. 2006లో నేచర్ పత్రికలో ఇది వెలువడింది. చెకుముకి రాతి మొనలతో పూసలు తొలిచే విద్య ఆ ఊళ్లో అప్పటికే ఉంది. అదే చెయ్యి పంటికీ పని చేసిందని పరిశోధకుల అభిప్రాయం. పంటి ఎనామిల్ కాఠిన్యం 5 దగ్గర ఉంటుంది, అంటే లాజవర్దంతో సమానం. ఇరాన్‌లోని షహర్-ఇ-సోఖ్తాలో క్రీ.పూ. మూడో సహస్రాబ్దిలో బదక్షాన్ గనుల నుంచి వచ్చిన లాజవర్దాన్ని పూసలు చేసిన పనిచోట్లు దొరికాయి, సన్నని చెకుముకి మొనలతో సహా.

సింధు నాగరికత పూసలవాళ్లు రెండు కొసలూ పట్టుకున్నారు. కాఠిన్యం 1 ఉన్న బలపపు రాయిని మిల్లీమీటరు మేర ఉండే పూసలుగా చేసి, ఆ తర్వాత కొలిమిలో కాల్చేవారు. కాలితే టాల్క్ వేరే ఖనిజంగా మారి క్వార్ట్జ్‌కు దగ్గరగా గట్టిపడుతుంది. మెత్తగా ఉన్నప్పుడే తొలిచి తర్వాత గట్టిపరచడం అన్న ఈ ఉపాయం కంటే తెలివైనది ఈ వృత్తి చరిత్రలో మరొకటి కనిపించదు. పొడవాటి కార్నీలియన్ పూసలకు మాత్రం వాళ్లు ప్రత్యేకమైన గట్టి రాతి మొనలు వాడారు. సింధు పట్టణం చన్హుదారోను తవ్వించిన ఎర్నెస్ట్ మెకే పేరిట ఆ రాతికి ఎర్నెస్టైట్ అని పేరు పెట్టారు.

మొనను తిప్పే యంత్రం వేల ఏళ్లు పెద్దగా మారలేదు. విల్లు తాడును కదురుకు ఒక చుట్టు చుట్టి ముందుకూ వెనక్కూ లాగే కమాను బరమా అది. ఈజిప్టులో క్రీ.పూ. 1400 ప్రాంతపు థీబ్స్ సమాధి చిత్రాల్లో ఒకే విల్లుతో మూడు కదుళ్లను ఒకేసారి తిప్పుతున్న పూసలవాళ్లు కనిపిస్తారు. అమెరికా నైరుతిలోని ప్యూబ్లో జాతులవారు చక్రం తగిలించిన కర్రను అడ్డబద్దతో పైకీ కిందికీ ఆడించే బరమాతో ఫిరోజాకూ గవ్వలకూ బెజ్జాలు వేసేవారు. వాళ్ల హైషీ పూసల పద్ధతి గమనించదగ్గది: ముందు గరుకు పెంకులకు బెజ్జం వేసి, వరసగా తాడుకు గుచ్చి, మొత్తం దండను ఒకేసారి గుండ్రంగా అరగదీస్తారు. బెజ్జం దగ్గర పగిలితే పోయేది గరుకు పెంకే, శ్రమపడి నునుపు చేసిన పూస కాదు. నేడు కొత్తగా పని మొదలుపెట్టేవారు చాలామంది మెరుగు పట్టిన రాయిని కొనితెచ్చి దానికి బెజ్జం వేయబోతారు, అంటే ఈ వివేకానికి సరిగ్గా ఎదురు నడుస్తారు.

గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీకు పూసలకు ఇనుప కడ్డీ కొసన రెండు చిన్న వజ్రపు రవ్వలు బిగించిన మొన వాడతారు. గట్టి రాళ్లకు అది తిరుగులేనిది, మెత్తని వాటికి అవసరం లేదు. మన దగ్గరి పాత పూసల పనిని సంగారెడ్డి జిల్లా కొండాపూర్ మ్యూజియంలోని శాతవాహన కాలపు పూసల్లో చూడవచ్చు. విలువైన రాళ్లూ, గాజూ, మట్టీ అన్నీ ఉన్నాయి.

ముత్యం

బెజ్జం గురించి మన దేశంలో ఎక్కువ ఆలోచించింది ముత్యాల విషయంలోనే. కౌటిల్యుడి అర్థశాస్త్రం మంచి ముత్యం లక్షణాలు చెబుతూ గుండ్రదనం, తెలుపు, బరువు, నునుపులతో పాటు సరైన చోట బెజ్జం పడి ఉండటాన్నీ చేర్చింది. బెజ్జం చెడిన ముత్యాన్ని దోషమున్నవాటి జాబితాలో వేసింది. కోశాధికారికి ఉద్దేశించిన భాగంలో ఈ విషయం ఉండటానికి కారణం ఊహించుకోవచ్చు: బెజ్జం ఒక్క పక్కకు ఒరిగితే దండలో ఆ ముత్యం ఎప్పుడూ తల వాల్చే ఉంటుంది, ధర పడిపోతుంది.

ముత్యం సున్నపు పలకలూ వాటి మధ్య జిగురు పొరలూ కలిసిన కట్టడం. అందుకే ఆ కాఠిన్యానికి మించిన దృఢత్వం దానిలో ఉంటుంది, సులభంగా పగలదు. పెచ్చులూడటం మాత్రం ఎక్కువ. బిట్ ఒకవైపు నుంచి రెండోవైపు బయటపడే క్షణంలో చివరి పలుచని పొరను తొలవకుండా నెట్టేస్తుంది, చుట్టూ గిన్నెలా పెచ్చు లేస్తుంది. దీనికి అన్ని కాలాల్లోనూ ఒకటే విరుగుడు, రెండు వైపుల నుంచీ తొలిచి మధ్యలో కలపడం. నేటి ముత్యాల డ్రిల్లింగ్ యంత్రంలో ఎదురెదురుగా రెండు కదుళ్లు ఉండేది ఇందుకే. మంచినీటి ముత్యాలకు సాధారణంగా 0.6 నుంచి 0.8 మి.మీ. బెజ్జం వేస్తారు. ముత్యం తూకానికి అమ్ముడుపోయే సరుకు కాబట్టి రంధ్రం ఎంత పెద్దదైతే అంత నష్టం. చెవికమ్మకో ఉంగరానికో అయితే సగం దాకా తొలిచి, అందులో మేకు దింపి జిగురుతో బిగిస్తారు.

ఎక్కడ తొలవాలన్నది చూపుకు సంబంధించిన విద్య. చిన్న మచ్చో గుంతో ఉంటే బెజ్జం దాని మీదుగానే పోనిస్తారు, లోపం రంధ్రంతో పాటే మాయమవుతుంది. బియ్యపుగింజ ఆకారపు ముత్యాన్ని నిలువునా తొలుస్తారా అడ్డంగా తొలుస్తారా అన్నదాన్ని బట్టి దండ రూపమే మారిపోతుంది. పెంపకపు రకమైన అకోయా ముత్యాల మధ్యలో మంచినీటి చిప్ప పెంకుతో చేసిన గుండు ఉంటుంది, దానికీ పొరలుంటాయి, పొరల వెంట బలవంతం చేస్తే చీలవచ్చు.

1803లో అచ్చయిన సింహళ వర్ణనలో రాబర్ట్ పెర్సివల్ అనే ఆంగ్ల సైనికాధికారి ముత్యాలు తొలిచేవారి పనిని వివరంగా రాశాడు. మూడు కాళ్ల మీద నిలబెట్టిన చెక్క దిమ్మె, దాని పైముఖాన ముత్యం పరిమాణానికి తగిన గుంతలు, విల్లుతో తిరిగే సన్నని కదురు. పక్కన కొబ్బరి చిప్పలో నీళ్లు. విల్లు ఆడించే కుడిచేతి చిటికెన వేలినే ఆ నీళ్లలో ముంచి ముత్యాన్ని తడుపుతూ, విల్లు ఆగకుండా పని సాగించేవారట. నీటి పంపు, పళ్లెం, గొట్టం అన్నీ అమర్చుకున్న నేటి పనిబల్ల చేసేదీ అదే పని.

హైదరాబాద్ ఈ వృత్తికి దక్షిణాన పెద్ద నెలవు. నిజాంల కాలంలో బస్రా ముత్యాలుగా పేరుపడ్డ పర్షియన్ గల్ఫ్ సరుకు వచ్చేది. జపాన్ పెంపకపు ముత్యాలు, గల్ఫ్‌లో చమురు కలిసి 1930ల తర్వాత ఆ వ్యాపారాన్ని చేత్తో తుడిచినట్టు చేశాయి. ఇప్పుడు చార్మినార్ పక్కన పత్తర్‌గట్టి దుకాణాల్లో వేలాడేవి ఎక్కువగా చైనా మంచినీటి ముత్యాలే. ముడి సరుకుకు ముందు బెజ్జం వేసి, తర్వాత ఉడికించి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానబెట్టి, ఎండలో పెట్టి తెల్లబరుస్తారు. బెజ్జం ముందే వేయడంలో లాభం ఉంది, ద్రావకం లోపలి పొరలకూ చేరుతుంది.

బల్ల మీద పని

ఇంటి దగ్గర చిన్న ఎత్తున పని చేసేవారికి రెండు రకాల బిట్లు చాలు. ముత్యం, అంబరు, గవ్వ, పగడం వంటి వాటికి ఉక్కు లేదా కార్బైడ్ మెలి బిట్. ఫిరోజా, లాజవర్దం, ఫ్లోరైట్, ఓపల్‌కు వజ్రపు పొడి పూసిన బిట్. వజ్రపు బిట్ కోయదు, అరగదీస్తుంది. అందుకే దానికి నీళ్లు తప్పనిసరి, లేకుంటే పొడి గడ్డకట్టి, పూత ఊడి, బిట్ నిమిషాల్లో మొండైపోతుంది. వెడల్పు రంధ్రాలకు బోలు గొట్టపు బిట్ మంచిది, చుట్టూ మాత్రమే అరగదీసి మధ్య కడ్డీని వదిలేస్తుంది. కంపనంతో తొలిచే అల్ట్రాసోనిక్ యంత్రాలు కర్మాగారాలవి, పెళుసైన గట్టి రాళ్లలో వాటి సత్తా తెలుస్తుంది, మెత్తని వాటిలో కాదు.

వేగం విషయంలో ఒక చిన్న లెక్క. 1 మి.మీ. బిట్ నిమిషానికి 10,000 సార్లు తిరిగితే దాని అంచు నిమిషంలో 31 మీటర్లు రాసుకుపోతుంది. 3 మి.మీ. బిట్ అదే వేగంలో 94 మీటర్లు. వేడి పుట్టేది ఈ రాపిడి నుంచే, కాబట్టి బిట్ లావైన కొద్దీ వేగం తగ్గాలి. రంధ్రం కొలతను తీగ నిర్ణయిస్తుంది: 24 గేజి తీగ 0.51 మి.మీ., 22 గేజి 0.64, 20 గేజి 0.81. వీటి కంటే కొంచెం వెడల్పు చాలు. ముత్యాల దండకు పట్టుదారం ముడులు వేస్తారు కనుక రంధ్రం ముడి లోపలికి జారనంత సన్నగా ఉండాలి.

నున్నని రాయి మీద బిట్ మొదట జారుతుంది. మొనను ఏటవాలుగా తాకించి చిన్న గుంత చేసి, అందులో కుదిరాక నిటారుగా లేపుతారు. రాయిని వేళ్లతో పట్టుకోకూడదు. చెక్క దిమ్మెలో గుంత తవ్వి లక్కతోనో మైనంతోనో బంకమట్టితోనో నిలపాలి. వేడి సహించని అంబరుకు, ఓపల్‌కు లక్క కాచి పూయడం ప్రమాదం, మట్టే మేలు. ఆ తర్వాత బిట్‌ను దింపుతూ తీస్తూ పోవాలి. ప్రతి దింపుకూ పొడి బయటికి, నీళ్లు లోపలికి. ఒకే పక్క నుంచి తొలవక తప్పకపోతే అవతలి ముఖానికి పనికిరాని రాతి పలక అతికించి, బిట్ అందులోకి దిగేలా చూస్తే పెచ్చు ఆ పలకకే ఊడుతుంది. చివరగా రంధ్రం అంచును శంకువు ఆకారపు వజ్రపు మొనతో కొద్దిగా వాలుగా చేస్తారు. దీన్ని వదిలేసే పనివాళ్లు చాలామందే ఉన్నారు. కొన్నాళ్లకు పదునైన అంచు దారాన్ని కోసేసి పూసలన్నీ నేలపాలైనప్పుడు దారం నాసిదని నింద పడుతుంది.

నీళ్లూ కరెంటూ ఒక్కచోట చేరతాయి కాబట్టి మోటారును దూరంగా తగిలించి, వంగే గొట్టపు పిడితో పనిచేసే ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ డ్రిల్లు చేతిలో పట్టే మోటారు కంటే భద్రం.

దుమ్ము

ఖంభాత్ అకీకు పనివాళ్లలో సిలికోసిస్ దీర్ఘకాలంగా నమోదైన వృత్తి వ్యాధి. మెత్తని మణుల్లో స్వచ్ఛమైన సిలికా తక్కువ కాబట్టి ఆ భయం లేదనుకుంటారు, అది పొరపాటు. ఓపల్ మొత్తం సిలికా జాతిదే. మలకైట్ పొడిలో రాగి ఉంది. గవ్వ, ముత్యపుచిప్ప పొడి ఊపిరితిత్తులను రేపుతుంది. సర్పెంటైన్ అనే పచ్చరాయిని జేడ్ పేరుతో అమ్ముతుంటారు. దాని జాతిలోనే క్రిసొటైల్ అనే రాతినార, అంటే ఆస్బెస్టాస్ ఉంది. కడప జిల్లా పులివెందుల ప్రాంతపు పాత రాతినార గనులు ఈ జాతి ఖనిజానివే. నీళ్లలో తొలిస్తే పొడి గాలిలోకి లేవదు. పని అయ్యాక ఆ బురద ఎండకముందే తుడిచేయాలి, ఎండితే మళ్లీ దుమ్మే. మాస్కు నీళ్లకు తోడుగా పెట్టుకోవాలి తప్ప నీళ్లకు బదులుగా కాదు.

బెజ్జం చెప్పే సాక్ష్యం

పురాతన పూసల రంధ్రాలను చదవడం నేర్పినవారు ఇద్దరు దంత వైద్య నిపుణులు, లియొనార్డ్ గోరెలిక్, జాన్ గ్విన్నెట్. పళ్ల అచ్చులకు వాడే సిలికోన్‌ను పూస రంధ్రంలో నింపి తీసి, ఆ అచ్చును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టేవారు. చెకుముకి, రాగి, వజ్రం ఒక్కోటీ గోడ మీద ఒక్కో తీరు గీతలు వదులుతాయి. వజ్రపు మొనవి క్రమమైన వలయాలు. ఇసుక వేసి రాగి కడ్డీతో అరగదీసినవి అంత క్రమంగా ఉండవు.

ఇదే పరీక్షను భూతద్దంతో కొనుగోలుదారు దుకాణంలో చేసుకోవచ్చు. హౌలైట్ అనే తెల్లరాయికి రంగు వేసి ఫిరోజాగా అమ్మితే బెజ్జం లోపల తెలుపు బయటపడుతుంది, లేదా రంగు పగుళ్ల వెంట ముద్దగా పేరుకుని ఉంటుంది. పగడానికి రంగు పూస్తే రంధ్రం అంచున చిక్కగా, లోపల పాలిపోయి కనిపిస్తుంది. గుండు ఉన్న పెంపకపు ముత్యంలో ఆ గుండుకూ పైపొరకూ మధ్య సన్నని గీత రంధ్రంలోంచి చూస్తే తెలుస్తుంది, ఆ గీత అంచుకు ఎంత దగ్గరగా ఉంటే మెరుపు పొర అంత పలచన. పై మెరుగు చూసి ధర చెప్పే దుకాణంలో ముత్యాన్ని పక్కకు తిప్పి బెజ్జంలోకి చూసే గిరాకీతో బేరం వేరుగా సాగుతుంది.